ఇప్పటి యుద్ధాలను పాత యుద్ధాలతో పోల్చొచ్చా? గోదావరి డెల్టాలో తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రపంచంలో ఎక్కడ యుద్ధం మొదలైనా మా కోనసీమలో కబుర్లు పాత యుద్ధంతోనే మొదలవుతాయి. ‘ఇదంతా 71లో చూసిందేనండీ’ అని ఒకరంటారు. ‘హిట్లర్ కూడా ఇలాగే మొదలెట్టాడు’ అని ఇంకొకరు. ‘మళ్ళీ 90లో కువైట్‌లా అయిపోద్దేమో’ అని కూతురు గల్ఫ్‌లో ఉన్న తల్లి. హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరైనవాణ్ణి కాబట్టి ఈ ప్రశ్నలన్నీ తిరిగి తిరిగి నా దగ్గరికి వస్తుంటాయి. ఎక్కువమంది అడిగేవి ఇక్కడ రాసి పెడుతున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఎవరు గెలుస్తారు, ఎలా ముగుస్తుంది అన్న విషయంలో పాత యుద్ధాలతో పోలిక తరచూ తప్పుదారి పట్టిస్తుంది. యుద్ధం మన ఇంటిదాకా ఏ దారిన వస్తుంది అన్న విషయంలో మాత్రం అదే పోలిక చాలాసార్లు అక్కరకొస్తుంది. మనవాళ్ళు మొదటిదాని గురించి గంటలు గంటలు వాదించుకుంటారు, రెండోదాన్ని పట్టించుకోరు. నా బాధల్లా అదే.

పోల్చడం తప్పా, ఒప్పా? సూటిగా చెప్పండి మాస్టారూ.

తప్పు కాదండి. కొత్త విషయం ఎదురైతే తెలిసినదానితో సరిచూసుకోవడం మనిషి స్వభావం. దాన్ని మాన్పించడం ఎవరి తరమూ కాదు. తేడా వచ్చేది ‘ఇది ఫలానా యుద్ధం లాంటిది’ అని అక్కడితో ఆగిపోయినప్పుడే. ఏ విషయంలో లాంటిది? గొడవ పుట్టిన కారణంలోనా, ఆయుధాల్లోనా, పక్కన నిలబడ్డ దేశాల్లోనా, సామాన్యుల మీద పడే భారంలోనా?

ఉక్రెయిన్‌నే తీసుకోండి. కందకాలు చూస్తే 1916 నాటి ఫ్రాన్స్ గుర్తొస్తుంది. పొరుగు దేశంలో ఉన్న మావాళ్ళ కోసమే వచ్చాం అన్న వాదన వింటే 1938 నాటి హిట్లర్ గుర్తొస్తాడు. అణుబాంబు మాట వినపడితే 1962 నాటి క్యూబా. ఆకాశంలో తిరిగే చిన్న చిన్న డ్రోన్లను చూస్తే ఏ పాత యుద్ధమూ గుర్తుకు రాదు. ఒకే యుద్ధం ఇన్ని యుద్ధాలను పోలి ఉన్నప్పుడు అందులో ఒక్కదాన్ని పట్టుకుని ‘అచ్చం అదే’ అనడం కుదరదు.

ప్రతి వరదనూ 86తో పోల్చుకుంటాం కదా. అది పనికొచ్చినప్పుడు యుద్ధానికి ఎందుకు పనికిరాదు?

చాలా మంచి ప్రశ్న. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు వచ్చింది, ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల ప్రవాహం. 2022 జులైలో భద్రాచలం 71.3 అడుగులు దాటలేదు, ధవళేశ్వరం దగ్గర 25 లక్షల పైచిలుకు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి ‘86 అంత లేదు’ అనడం న్యాయమే. అదే నది, అదే స్కేలు. పైన భద్రాచలంలో నీళ్ళు ఎంత ఉన్నాయో తెలిస్తే కిందికి ఎప్పుడు ఎంత వస్తుందో లెక్క కట్టొచ్చు.

ఇంత పక్కా పోలికలో కూడా ఒక మెలిక ఉంది. 86 తర్వాత ఏటిగట్లు ఎత్తు పెంచారు, బలోపేతం చేశారు. అదే నీరు మళ్ళీ వచ్చినా అప్పుడు తెగిన చోటే తెగుతుందని చెప్పలేం. లంక గ్రామాల సంగతి వేరు, గట్టు లోపల ఉన్నవాళ్ళకు అప్పుడూ మునకే, ఇప్పుడూ మునకే.

యుద్ధానికి ఆ స్కేలు లేదు. అంతకన్నా పెద్ద తేడా ఇంకొకటుంది. నదికి 86 గుర్తుండదు. సైన్యాలకు పాత యుద్ధం గుర్తుంటుంది, గుర్తుండబట్టే ఈసారి వేరేగా చేస్తాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో లక్షల మందిని పోగొట్టుకున్న ఫ్రాన్స్, మళ్ళీ అలాంటి దాడే వస్తుందని జర్మనీ సరిహద్దు పొడవునా మజినో కోటలు కట్టింది. 1940లో జర్మన్ ట్యాంకులు ఆ కోటలకు ఉత్తరంగా ఆర్డెన్ అడవుల్లోంచి వచ్చాయి. ఆరు వారాల్లో ఫ్రాన్స్ లొంగిపోయింది. జరిగినదాన్ని ఇరుపక్షాలూ చదువుకున్నాక అది ఉన్నదున్నట్టుగా మళ్ళీ జరగడం అరుదు.

‘హిట్లర్ కూడా ఇలాగే మొదలెట్టాడు’ అంటారు. ఇది సరైన పోలికేనా?

అన్ని పోలికల్లోకీ ఎక్కువగా వాడేది, ఎక్కువ రక్తం చిందించింది ఇదే. కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

1938 సెప్టెంబరులో మ్యూనిక్‌లో బ్రిటన్, ఫ్రాన్స్ కలిసి చెకోస్లోవాకియాలో జర్మన్లు ఎక్కువగా ఉన్న సుడేటన్ ప్రాంతాన్ని హిట్లర్‌కు అప్పజెప్పాయి. చెక్ ప్రతినిధులను చర్చల్లో కూర్చోనివ్వలేదు. ఆర్నెల్లు తిరక్కుండా మిగిలిన చెక్ భూభాగాన్ని కూడా హిట్లర్ మింగేశాడు. 1939 సెప్టెంబరు 1న పోలండ్ మీద పడ్డాడు. దురాక్రమణదారుకు మెత్తబడితే ఇంకా పైకొస్తాడన్న పాఠం దీనినుంచి పుట్టింది. ఆ ఒక్క సందర్భంలో అది నిజమైన పాఠమే.

తర్వాత ఏం జరిగిందో చూడండి. 1956లో ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ సూయజ్ కాలువను జాతీయం చేస్తే, బ్రిటన్ ప్రధాని ఈడెన్‌కు అతనిలో ముప్ఫైల నాటి నియంతలు కనపడ్డారు. ఫ్రాన్స్, ఇజ్రాయెల్‌తో కలిసి దాడికి దిగాడు. అమెరికా ఒత్తిడికి వెనక్కి రావలసి వచ్చింది, 1957 జనవరిలో ఈడెన్ పదవి పోయింది. 1965 జులైలో వియత్నాంకు మరిన్ని బలగాలను పంపుతున్నట్టు ప్రకటిస్తూ అమెరికా అధ్యక్షుడు జాన్సన్ కూడా మ్యూనిక్ పేరే ఎత్తాడు. అప్పుడు ఆయన సలహాదారుల్లో జార్జ్ బాల్ అనే ఆయన మాత్రం వేరే పోలిక తెచ్చాడు. ఇదే గడ్డ మీద ఫ్రెంచివాళ్ళు 1954లో డియన్ బియన్ ఫూ దగ్గర ఎలా ఓడారో గుర్తు చేశాడు. ఆ పోలిక దగ్గరిది. అదే దేశం, అదే అడవి, దాదాపు అదే శత్రువు. కానీ దూరంలో ఉన్న మ్యూనిక్కే గెలిచింది. అమెరికా సైనికులే 58 వేల మంది చనిపోయారు, వియత్నాం వాళ్ళు లక్షల్లో.

ఆ తర్వాత 1990లో ఇరాక్ అధ్యక్షుడు సద్దాం హుస్సేన్‌ను హిట్లర్‌తో పోల్చారు. 2003లో అమెరికా ఇరాక్‌ను ఆక్రమించాక 1945 తర్వాత జర్మనీ, జపాన్ బాగుపడినట్టే ఇదీ బాగుపడుతుందన్నారు. జర్మనీ, జపాన్‌లలో పాలనా యంత్రాంగం చాలామటుకు నిలిచింది. ఇరాక్‌లో ఆ మే నెలలోనే సైన్యాన్ని మొత్తంగా రద్దు చేసి, ఆయుధం పట్టడం తెలిసిన లక్షల మందిని జీతం లేకుండా వీధిలోకి తోశారు.

ఇక ఉక్రెయిన్ విషయంలో ఈ పోలికకు కొంత బలం ఉందనే నేను అంటాను. 2014లో క్రిమియాను కలుపుకున్నప్పుడు ప్రపంచం పెద్దగా అడ్డుకోలేదు, 2022 ఫిబ్రవరి 24న రష్యా ఇంకా పెద్ద దాడికి దిగింది. మెత్తబడితే పైకొస్తారన్న మాటకు ఇది సాక్ష్యమే. కానీ 1938 నాటి జర్మనీ దగ్గర అణుబాంబు లేదు. ఆ ఒక్క తేడా ‘అయితే ఏం చెయ్యాలి’ అన్న ప్రశ్నకు జవాబును మొత్తంగా మార్చేస్తుంది. ఇంకో విషయం, రష్యా కూడా తన దాడిని నాజీల మీద పోరాటంగానే తన ప్రజలకు చెప్పుకుంది. రెండు వైపులవాళ్ళూ ఎదుటివాణ్ణి హిట్లర్ అంటున్నప్పుడు ఆ పోలికతో ఎవరిది న్యాయమో తేలదు. ఎవరు ఎవరి సరిహద్దు దాటారో చూస్తే తేలుతుంది.

మరి 1914 సంగతి? మూడో ప్రపంచ యుద్ధం వస్తుందంటున్నారు, టెన్షన్‌గా ఉంది.

1914 చెప్పే పాఠం 1938కి సరిగ్గా ఎదురుగా నిలబడుతుంది. సరయేవోలో ఒక యువరాజు హత్య జరిగిన అయిదు వారాలకే, ఒకరికొకరు ఇచ్చుకున్న మాటల వల్ల, సైన్యాలను కదిలించే రైల్వే టైంటేబుళ్ళ వల్ల యూరప్ మొత్తం యుద్ధంలో పడింది. తొందరపడొద్దు, ఎదుటివాడికి వెనక్కి తగ్గే దారి ఉంచు అంటుంది 1914. వెనక్కి తగ్గితే వాడు ముందుకొస్తాడు అంటుంది 1938. రెండూ నిజంగా జరిగినవే. కాబట్టి చరిత్ర మనకు ఫలానా పని చెయ్యమని ఆదేశం ఇస్తుందనుకోవద్దు.

పోలిక మేలు చేసిన సందర్భం కూడా చెప్పాలి. 1962 అక్టోబరులో అమెరికా పక్కనే ఉన్న క్యూబాలో సోవియట్ క్షిపణులు కనిపించినప్పుడు వెంటనే బాంబులు వేద్దామన్నవాళ్ళు అమెరికా అధ్యక్షుడు కెనెడీ చుట్టూ ఉన్నారు. హెచ్చరిక లేకుండా దాడి చేస్తే, 1941లో జపాన్ మన పెర్ల్ హార్బర్ రేవు మీద పడ్డట్టే కదా అన్న మాట అక్కడే వచ్చింది. 1914లో దేశాలు ఎలా జారిపడ్డాయో కెనెడీ మనసులో ఉంది. బాంబులకు బదులు ఓడలతో దిగ్బంధం పెట్టి, తెరవెనక మాట్లాడుకుని 13 రోజుల్లో గండం గట్టెక్కించారు. ఇక్కడ పోలిక ఎవరినీ రెచ్చగొట్టలేదు. ఒక్క నిమిషం ఆగి ఇంకోసారి ఆలోచించేలా చేసింది.

మూడో ప్రపంచ యుద్ధం వస్తుందో రాదో తేదీ వేసి చెప్పే చానెళ్ళను చూడటం మానేస్తే మీ టెన్షన్ సగం తగ్గుతుంది. ఇది మాత్రం గట్టిగా చెప్పగలను.

సైన్యాధికారులు, నిపుణులు కూడా పోలికలతో మోసపోతారా?

మనకంటే ఎక్కువగా. 1914లో యూరప్‌లో చాలామంది యుద్ధం కొన్ని నెలల్లో అయిపోతుందనుకున్నారు. ఎందుకంటే వాళ్ళకు గుర్తున్నవి 1866లో ఏడు వారాల్లో ముగిసిన ఆస్ట్రియా–ప్రష్యా యుద్ధం, 1870లో ఫ్రాన్స్ చక్రవర్తి సెడాన్ దగ్గర బందీ అయిపోయిన యుద్ధం. నిజానికి వాళ్ళకు దగ్గరి పాఠం వేరే ఉంది. 1904–05లో రష్యా, జపాన్ మంచూరియాలో కొట్టుకున్నప్పుడు కందకాలు, ముళ్ళతీగలు, మెషిన్ గన్లు అన్నీ ఉన్నాయి. యూరప్ దేశాల అధికారులు అక్కడికి పరిశీలకులుగా వెళ్ళి కళ్ళారా చూశారు కూడా. అయినా ఆసియాలో జరిగింది మనకు వర్తించదులే అన్న ధోరణే ఎక్కువమందిది.

2022లో ఉక్రెయిన్ రాజధాని కీవ్ మూడు రోజుల్లో పడిపోతుందన్న అంచనా వెనక కూడా ఇలాంటి పోలికలే. 1968లో చెకోస్లోవాకియా రాజధాని ప్రాగ్ విమానాశ్రయాన్ని సోవియట్ సైన్యం రాత్రికి రాత్రి పట్టేసుకుంది, అక్కడితో అయిపోయింది. కీవ్ పక్కన హోస్టొమెల్ విమానాశ్రయంలో రష్యా హెలికాప్టర్లు దిగింది ఆ పద్ధతిలోనే. కాకపోతే 1968లో చెక్ సైన్యం తుపాకీ ఎత్తలేదు, ఉక్రెయిన్ సైన్యం ఎత్తింది. ఏప్రిల్ మొదటివారానికల్లా రష్యా కీవ్ చుట్టుపక్కల నుంచి వెనక్కి వెళ్ళిపోయింది. అంతకు ఆర్నెల్ల ముందే కాబూల్ కుప్పకూలడం చూసిన పాశ్చాత్యులు కూడా కీవ్‌ను కాబూల్‌లా లెక్కవేశారు. తాజాగా చూసిందే ఎక్కువగా గుర్తుంటుంది, అంతేగాని దగ్గరి పోలిక అవ్వాలని లేదు.

1971లో పాకిస్తాన్‌ను రెండు ముక్కలు చేశాం. 2025లో ఎందుకు నాలుగు రోజులకే ఆపేశారు?

ఈ ప్రశ్న అడగని ఊరు లేదు. అడిగేవాళ్ళ ఆవేశం నాకు అర్థమవుతుంది. పహల్గాంలో 26 మందిని చంపిన తీరు తలుచుకుంటే ఎవరికైనా రక్తం మరుగుతుంది. కానీ 71తో పోల్చేటప్పుడు ఆ ఏడాది ఏమేం కలిసొచ్చాయో మొత్తం చూడాలి.

తూర్పు పాకిస్తాన్ మిగతా పాకిస్తాన్‌కు వెయ్యి మైళ్ళ దూరంలో, మూడు వైపులా మన భూమి మధ్య ఉంది. అక్కడి ప్రజలే తిరగబడ్డారు, వాళ్ళ తిరుగుబాటు దళం ముక్తి బాహిని మనవాళ్ళకు దారి చూపింది. కోటిమంది దాకా శరణార్థులు మన దేశంలోకి వచ్చారు. మార్చిలో సంక్షోభం మొదలైతే డిసెంబరు దాకా సన్నాహాలు సాగాయి. వర్షాలు తగ్గాలి, హిమాలయ కనుమలు మంచుతో మూసుకుపోవాలి, అప్పుడే చైనా దిగడం కష్టమవుతుంది. ఆగస్టు 9న సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. ఇవన్నీ అయ్యాక డిసెంబరు 3 నుంచి 16 వరకు యుద్ధం, 93 వేల మంది లొంగుబాటు. మన తీరానికీ ఇందులో పాలుంది. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది విశాఖ రేవు ముందే.

వీటిలో ఏదీ 2025 మేలో లేదు. 1971లో ఇద్దరి దగ్గరా అణుబాంబు లేదు. 1998 తర్వాత ఇద్దరి దగ్గరా ఉంది. కాబట్టి 2025ను పోల్చాలంటే 1999 కార్గిల్‌తో పోల్చండి. అప్పటికే ఇద్దరూ అణుదేశాలు. అప్పుడు మన సైన్యం నియంత్రణ రేఖ దాటకుండానే శిఖరాలను తిరిగి పట్టుకుంది. 2025లో మన దాడులు రేఖ దాటి పాకిస్తాన్‌లోని పంజాబ్ రాష్ట్రం లోపలిదాకా వెళ్ళాయి. ఆ మార్పు ఎందుకొచ్చింది, దాని వల్ల తర్వాతిసారి ఏమవుతుంది అన్నదే చర్చించవలసిన విషయం. ‘అప్పటివాళ్ళకు దమ్ముంది, ఇప్పటివాళ్ళకు లేదు’ అనీ, దాన్నే తిప్పి ‘ఇప్పుడే దమ్ముంది’ అనీ అనుకోవడం వల్ల ఒరిగేది ఏమీ లేదు.

ఇవన్నీ పెద్ద దేశాల ప్రాక్సీ యుద్ధాలే కదా, స్థానికులు పావులే కదా?

మన పిఠాపురం పక్కన చందుర్తి ఉంది, దాన్ని చూడండి. 1758 డిసెంబరులో అక్కడ ఇంగ్లీషువాళ్ళూ ఫ్రెంచివాళ్ళూ తలపడ్డారు. యూరప్ పుస్తకాల్లో అది ఏడేళ్ళ యుద్ధంలో ఒక చిన్న ముక్క. లండన్, పారిస్ గొడవ మన పొలాల్లోకి వచ్చిందన్నట్టు ఉంటుంది.

విజయనగరం వైపు నుంచి చూస్తే కథ వేరు. 1757 జనవరిలో బొబ్బిలి యుద్ధం, ఆ వెంటనే తాండ్ర పాపారాయుడి చేతిలో విజయరామరాజు హత్య. ఆ తర్వాత గద్దెక్కిన ఆనంద గజపతికి ఫ్రెంచివాళ్ళతో పొసగలేదు. ఆయనే విశాఖపట్నాన్ని ఫ్రెంచివాళ్ళ చేతిలోంచి లాక్కుని, ఇంగ్లీషువాళ్ళను రమ్మని కబురుపెట్టాడు. బెంగాల్ నుంచి క్లైవ్ కర్నల్ ఫోర్డ్‌ను పంపాడు. చందుర్తిలో గెలిచి, మరుసటి ఏప్రిల్‌లో మచిలీపట్నం పట్టుకున్నారు. కొన్నేళ్ళకే ఈ సర్కారు జిల్లాలన్నీ కంపెనీ చేతిలోకి పోయాయి.

స్థానికుడు తన పగ తీర్చుకోవడానికి పెద్దవాణ్ణి పిలిచాడు, పెద్దవాడు తన లాభానికి వచ్చాడు. ఇద్దరి లెక్కలూ నిజమే. ఇవాళ ఉక్రెయిన్, యెమెన్, సిరియా ఏది తీసుకున్నా ‘అమెరికా ఆడిస్తోంది’, ‘రష్యా ఆడిస్తోంది’, ‘ఇరాన్ ఆడిస్తోంది’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తే అక్కడి మనుషుల సొంత కారణాలు మనకు కనపడకుండా పోతాయి.

కురుక్షేత్రంతో, పల్నాటి యుద్ధంతో పోలుస్తుంటారు పెద్దవాళ్ళు. తప్పా?

తప్పేం కాదు. రాయబారం విఫలమైతే ఏమవుతుందో, అన్నదమ్ముల పగ ఎన్ని ఇళ్ళు ఆర్పేస్తుందో చెప్పడానికి మన దగ్గర అంతకన్నా మంచి మాటలు లేవు. రేపు ఫలానా ఊరు ఎవరి చేతిలో ఉంటుందో చెప్పడానికి మాత్రం వాటిని వాడకండి.

‘మాకు జరిగిన దాని ముందు వాళ్ళకు జరిగింది ఎంత’ అనే పోలిక?

ఇది మానేయాలి. గాజాలో పసిపిల్ల చనిపోయినా, 2023 అక్టోబరు 7న ఇజ్రాయెల్‌లో చనిపోయినా, ఉక్రెయిన్‌లో చనిపోయినా ఆ తల్లి ముందు మనం వేరే అంకె పెట్టకూడదు. అంకెలు పోల్చాల్సిన పని చరిత్రకారులకు, న్యాయస్థానాలకు ఉంటుంది.

యుద్ధం ఎప్పుడైనా మన డెల్టాదాకా వచ్చిందా?

వచ్చింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. భారత ప్రధాన భూభాగం మీద ఆ యుద్ధంలో పడిన మొదటి బాంబులవే. జనం మూటాముల్లె సర్దుకుని తీరం నుంచి లోపలి ఊళ్ళకు పోయారు.

కానీ డెల్టాకు అసలు దెబ్బ ఆ బాంబులతో రాలేదు. దానికి నెల ముందు, మార్చి 8న రంగూన్ పడిపోవడంతో వచ్చింది. అప్పటికి ఎన్నో తరాలుగా మన గోదావరి, విశాఖ జిల్లాల వాళ్ళు బర్మాకు పనికి పోయేవాళ్ళు. కోరంగి రేవు నుంచి ఓడ ఎక్కేవాళ్ళు కాబట్టి అక్కడ వీళ్ళను కోరంగీలు అనేవాళ్ళు. రంగూన్ రేవులో బస్తాలు మోసింది, రైసుమిల్లుల్లో పని చేసింది చాలామటుకు వీళ్ళే. జపాన్ వచ్చేసరికి ఓడలో చోటు డబ్బున్నవాళ్ళకే దొరికింది. మిగతావాళ్ళు అరకాన్ కొండల మీదుగా, మణిపూర్ అడవుల మీదుగా నడిచారు. దారిలో కలరా, మలేరియా. వేల మంది ఇల్లు చేరలేదు.

మా నాయనమ్మ తమ్ముడు అలా నడిచి వచ్చినవాడే. ఇంట్లో ఆయన టేకు పెట్టె ఇప్పటికీ ఉంది. అంతకుముందు ఒకసారి ఓడ మీద వచ్చినప్పుడు తెచ్చింది. మూత లోపలి వైపు ఎవరికి ఎంత పంపాడో సుద్దతో వేసిన గీతలు ఉండేవట. 42లో మాత్రం ఒంటి మీది పంచెతో వచ్చాడు. ఆ తర్వాత మనియార్డర్లు రాలేదు. ఆ ఏడాది ఇంట్లో ఒక పూట అన్నం మానేశారని నాయనమ్మ చెప్పేది. బర్మా బియ్యం ఆగిపోవడం మరుసటి ఏడాది బెంగాల్ కరువుకు ఒక కారణం. అక్కడ పోయినవాళ్ళు 30 లక్షల వరకు ఉంటారని అంచనా.

నేను ముందు చెప్పిన మాట ఇదే. బాంబు ఎక్కడ పడుతుందో ఎవరూ చెప్పలేరు. బయట పని చేసే మనిషి, వాడు పంపే డబ్బు, ఓడ దారి, బియ్యం ధర, ఈ నాలుగింటి మీదుగా యుద్ధం మన ఇంటికి వస్తుందని 42 నుంచి నేర్చుకోవచ్చు. 1990లో కువైట్ విషయంలోనూ, 2022లో ఉక్రెయిన్ విషయంలోనూ మళ్ళీ వచ్చింది ఆ దారుల్లోనే.

రొయ్యల రైతుకూ వరి రైతుకూ ఇందులో తెలుసుకోవలసింది ఏముంది?

చాలా ఉంది. మొదటి ఉదాహరణ 160 ఏళ్ళ నాటిది. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై అక్కడి పత్తి ఇంగ్లండు మిల్లులకు రావడం ఆగింది. మన పత్తికి ఎన్నడూ లేని ధర వచ్చింది, కాకినాడ రేవు నుంచి ఎగుమతులు ఊపందుకున్నాయి. 1865లో ఆ యుద్ధం ముగిసింది, ధర కూలింది. ఆ ధర చూసి అప్పు చేసినవాళ్ళు దేశమంతటా మునిగారు.

భీమవరం వైపు తెల్లవారుజామున రొయ్యల పట్టుబడి జరుగుతుంటే గట్టు మీద నిలబడి చూడండి. వలలో రొయ్య ఎగురుతూ ఉంటుంది, ట్రేల్లో ఐస్ సిద్ధంగా ఉంటుంది, ట్రేడర్ ఫోను చెవికి పెట్టుకుని పక్కకు వెళ్తాడు. తిరిగొచ్చి రాత్రి చెప్పిన రేటులో కేజీకి ఇంత తగ్గుతుందంటాడు. అప్పటికి చెరువు సగం దిగిపోయి ఉంటుంది, రైతుకు వేరే దారి లేదు. ఆ ఫోన్‌కు అవతల ఏముందో రైతుకు తెలియాలని నా తపన. 2023 నవంబరు నుంచి ఎర్ర సముద్రంలో యెమెన్ తిరుగుబాటుదారులైన హూతీలు ఓడల మీద దాడులు మొదలెడితే, కంటైనర్లు ఆఫ్రికా చుట్టూ తిరిగి పోవలసి వచ్చింది. రోజులు పెరిగాయి, కిరాయి పెరిగింది. ఆ భారం మెల్లగా చెరువు గట్టుదాకా వచ్చింది.

ఉక్రెయిన్ కథ ఇంకా వింతైనది. యుద్ధానికి ముందు మన దేశం రష్యా నుంచి కొన్న చమురు చాలా స్వల్పం. యుద్ధం మొదలయ్యాక రాయితీకి దొరకడంతో అది మన దిగుమతుల్లో మూడో వంతు దాకా చేరింది. ఆ కొనుగోళ్ళకు శిక్షగా 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద అదనంగా 25 శాతం సుంకం వేసింది, మొత్తం 50 శాతం అయింది. మన రొయ్యకు పెద్ద మార్కెట్టు అమెరికానే. ఉక్రెయిన్‌లోని దోనెత్స్క్ కందకాల్లో జరిగే పోరు మన పాలకొల్లు, ఉండి ఊళ్ళ చెరువుల్లో రొయ్య ధరను పడగొడుతుందని ఏ పాత యుద్ధాన్ని చూసి చెప్పగలం?

వరి సంగతి: 2022లో పొటాష్, డీఏపీ అంతర్జాతీయ ధరలు భగ్గుమన్నాయి. కేంద్రం ఆ ఏడాది ఎరువుల సబ్సిడీకి 2 లక్షల 50 వేల కోట్ల రూపాయలకు పైగా పెట్టబట్టి యూరియా బస్తా ధర మన దగ్గర కదల్లేదు. వంటనూనె మాత్రం కదిలింది. పొద్దుతిరుగుడు నూనె మనకు ఎక్కువగా ఉక్రెయిన్ నుంచే వచ్చేది, కిరాణా కొట్లో ప్యాకెట్ ధర వారాల్లో మారిపోయింది. 2023 జులైలో కేంద్రం తెల్లబియ్యం ఎగుమతి ఆపేసినప్పుడు కాకినాడ రేవులో పని తగ్గింది. దానికి వానల లోటు కూడా కారణం, అంతా యుద్ధం ఖాతాలో వెయ్యకూడదు.

డీజిల్ 1973లా పెరిగిపోతుందా?

1973 అక్టోబరులో ఇజ్రాయెల్‌కూ అరబ్ దేశాలకూ జరిగిన యుద్ధం తర్వాత కొద్ది నెలల్లో పీపా చమురు 3 డాలర్ల దగ్గర నుంచి 12 డాలర్ల దాకా పోయింది. అందుకే పశ్చిమాసియాలో తుపాకీ పేలితే అందరూ 73 అంటారు. కానీ 1984 నుంచి ఇరాన్, ఇరాక్ గల్ఫ్‌లో చమురు ఓడల మీదే దాడులు చేసుకుంటున్నప్పుడు, 1986లో ధర సగానికి పైగా పడిపోయింది. ఎందుకంటే సౌదీ ఉత్పత్తి పెంచేసింది. 1990లో కువైట్ ఆక్రమణతో రెట్టింపయింది, 1991 జనవరి 17న అమెరికా బాంబులు మొదలెట్టగానే తగ్గింది.

చమురుకు యుద్ధం ఒక్కటే చాలదు. గల్ఫ్ నుంచి ఓడలు బయటికొచ్చే సన్నని దారి హర్మూజ్ జలసంధి తెరిచి ఉందా, ఎవరి దగ్గర అదనపు ఉత్పత్తి ఉంది అన్నవి చూడాలి. ప్రపంచ చమురులో దాదాపు అయిదో వంతు ఆ జలసంధిలోంచే పోతుంది, మనం వాడే ముడిచమురులో 85 శాతానికి పైగా దిగుమతే. చెరువు నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లకు డీజిల్ కొనేవాళ్ళు వార్తల్లో ఆ పేరు వినపడితే చెవి పెట్టండి.

వాట్సాప్‌లో వచ్చే యుద్ధం వీడియోలు?

పాత యుద్ధానివి కొత్తవని, వీడియో గేముల్లోవి నిజమని తిప్పుతుంటారు. ఎక్కడ, ఎప్పుడు తీశారో లేకపోతే ముందుకు పంపకండి.

ఎవరైనా పోలిక చెప్పినప్పుడు అది నిలబడుతుందో లేదో ఎలా తెలుసుకోవాలి?

నేను పిల్లలకు చెప్పిన పద్ధతే చెప్తాను. పోలిక విన్నాక ‘అయితే ఏం చెయ్యమంటారు’ అని అడగండి. చెప్పేవాళ్ళలో చాలామంది ముందే ఒక నిర్ణయానికి వచ్చేసి, దానికి తగ్గ యుద్ధాన్ని వెతుక్కుంటారు. దాడి చెయ్యాలనుకున్నవాడు మ్యూనిక్ అంటాడు, వద్దనుకున్నవాడు వియత్నాం అంటాడు. తర్వాత, ఆ రెండు యుద్ధాల మధ్య మూడు తేడాలు చెప్పమనండి. చెప్పలేకపోతే ఆయనకు పాత యుద్ధం గురించి కూడా సరిగ్గా తెలియదన్నమాట. అదే యుద్ధానికి ఎదురు జవాబు ఇచ్చే ఇంకో పోలిక ఉందేమో మీరే వెతకండి. జార్జ్ బాల్ చేసింది అదే. అతని మాట విని ఉంటే ఎన్ని ప్రాణాలు మిగిలేవో.

మా చెల్లి కువైట్‌లో ఇంటి పని చేస్తోంది. మళ్ళీ 90లా అవుతుందా మాస్టారూ?

ఇది అడిగినప్పుడు నేను చరిత్ర పాఠం చెప్పను తల్లీ, పని చెప్తాను.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌నే ఆక్రమించింది. రాత్రి పడుకుని లేచేసరికి ఆ దేశ ప్రభుత్వమే లేదు, దీనారుకు విలువ లేదు. మనవాళ్ళు బస్సుల్లో బాగ్దాద్ మీదుగా జోర్డాన్ రాజధాని అమ్మాన్ చేరితే, అక్కడి నుంచి సుమారు 1,70,000 మందిని విమానాల్లో తెచ్చారు. అంత పెద్ద ఎత్తున పౌరులను విమానాల్లో తరలించడం అంతకుముందు ఎవరూ చెయ్యలేదు. 2015లో యెమెన్ నుంచి, 2022లో ఉక్రెయిన్ నుంచి కూడా మనవాళ్ళను తీసుకొచ్చారు. కాబట్టి వదిలేస్తారన్న భయం వద్దు. ఇప్పుడు ఫోను కూడా చేతిలో ఉంది, అప్పట్లో నెలల తరబడి కబురే లేదు.

అప్పుడు ఎక్కువ ఇబ్బంది పడింది పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉండిపోయినవాళ్ళు. ఆ విషయంలో ఇప్పటికీ పరిస్థితి పెద్దగా మారలేదు. చెల్లి పాస్‌పోర్టు, వీసా, సివిల్ ఐడీ ఫొటోలు తీయించి మీ ఫోన్లో ఒకటి, ఇంట్లో కాగితం మీద ఒకటి పెట్టుకోండి. యజమాని పేరు, ఇంటి చిరునామా, ఏరియా, బ్లాక్ నంబరుతో సహా రాసి ఉంచండి. ఎంబసీలో పేరు నమోదు చేయించమని చెప్పండి. విజిట్ వీసా మీద పంపి అక్కడ పనిలో పెట్టించే ఏజెంట్ ద్వారా వెళ్ళి ఉంటే ఆమె పేరు ప్రభుత్వ లెక్కలో ఉండదు, అలాంటప్పుడు ఈ నమోదు ఇంకా ముఖ్యం. పద్ధతి ప్రకారం వెళ్ళినవాళ్ళకు ప్రవాసీ భారతీయ బీమా ఉంటుంది, ప్రమాదంలో చనిపోతే 10 లక్షలు. దాని గడువు ఎప్పటిదాకా ఉందో చూడండి. నెలనెలా మొత్తం డబ్బు ఇంటికి పంపెయ్యకుండా టిక్కెట్టుకు సరిపడా తన దగ్గర ఉంచుకోమనండి.

ఈ కాగితాలు ఎలా సర్దుకోవాలో తెలియకపోతే ఆదివారం పొద్దున మా ఇంటికి రండి, కూర్చుని రాసిపెడదాం.